నడిచెళ్లే దూరంలో క్రికెట్

మా మనవడు క్రికెట్ చూడాలంటే చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్ దాకా పోయి, అక్కడ రైలు మారి, ఉప్పల్ దగ్గర స్టేడియం స్టేషన్‌లో దిగాలి. ఆట చూడ్డానికా, ఊరు చుట్టి రావడానికా?

మా రోజుల్లో చెప్పులేసుకుంటే చాలు. నారాయణగూడ, హిమాయత్‌నగర్, బషీర్‌బాగ్, అదిగో ఫతే మైదాన్. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టినా మా నోటికి అది ఫతే మైదానే. చేతిలో పులిహోర డబ్బా, చంకలో ట్రాన్సిస్టర్. ఎదురుగా ఆట కనబడుతుంటే కామెంటరీ ఎందుకని అడక్కండి. కన్ను చూసింది చెవి ఒప్పుకోవద్దూ!

ఇప్పుడేమో గేటు దగ్గర నీళ్ల సీసా కూడా వదిలిపోవాలి. లోపల చెవులు పగిలే పాటలు. అంపైర్ మీద పక్కవాడితో వాదులాడదామన్నా వినబడి చావదు. కెమెరా తమవైపు తిరిగితే చేతులూపుతారు, బంతి ఎటుపోయిందో చూడరు.

1987లో ఫతే మైదాన్‌లో పాకిస్తాన్‌తో చెరో 212 దగ్గర స్కోర్లు సమమయ్యాయి. వాళ్లకు ఏడు వికెట్లు పోయాయి, మనకు ఆరే, కాబట్టి గెలుపు మనదేనని వెనక మెట్టుమీది పెద్దాయన విడమరిచి చెప్పేదాకా మాలో సగంమందికి ఎగరాలో ఏడవాలో తెలియలేదు. ఏ తెర చెబుతుందండీ అలా?

2003 నవంబరుతో అక్కడ అంతర్జాతీయ క్రికెట్ ఆఖరు. 2005 నుంచి ఉప్పల్. ఫతే మైదాన్‌లో ఇప్పుడు ముఖ్యమంత్రులు ప్రమాణం చేస్తున్నారు. వాళ్లది అయిదేళ్ల ఇన్నింగ్స్.

అక్కడ జరిగిన మూడు టెస్టులూ న్యూజిలాండ్‌తోనే. 1955లో ఉమ్రిగర్ 223 కొట్టాడు. టెస్టుల్లో మన దేశానికి అదే తొలి డబుల్ సెంచరీ. అది చూసిన మా నాన్న బతికినన్నాళ్లూ నన్ను దెప్పాడు. నా వంతుకు 1969 టెస్టు వచ్చింది: 76కి ఏడు వికెట్లు, ఆపైన మనల్ని గట్టెక్కించిన వాన.

2023లో ఉప్పల్‌లో గిల్ 208 కొట్టాడు. మళ్లీ న్యూజిలాండే! అది చూసొచ్చిన మనవడు ఇప్పుడు దెప్పుతున్నాడు.

నేనేం తక్కువా? 1999లో అదే న్యూజిలాండ్ మీద, ద్రావిడ్‌తో 331 పరుగులు జోడించిన టెండూల్కర్‌ను ఫతే మైదాన్‌లో కళ్లారా చూశాను. 186 నాటౌట్.

ఆ పద్నాలుగు పరుగులూ కొట్టేసి ఉంటే, ఇంట్లో నా మాటకూ కాస్త విలువుండేది.