ఒక్క రాత, రెండు వాతలు

మోటార్లు, మిక్సీలు అమ్మే కంపెనీల్లో ఇప్పుడొక మంత్రం నడుస్తోంది. మాన్యువల్ ఒక్కసారి రాయాలి, దాన్నే పుస్తకంగా అచ్చెయ్యాలి, దాన్నే ఫోన్లోకి ఎక్కించాలి. సింగిల్ సోర్స్ అంటారు. ఖర్చు సగమైపోతుందట. సగమయ్యేది ఖర్చో, అర్థమో తేలాలంటే నాగావళి ఒడ్డున ఏ మోటారు షెడ్డుకైనా వెళ్లి చూడండి.

ఆమదాలవలస దగ్గర ఒక రైతు కొత్త మోనోబ్లాక్ మోటారు కొన్నాడు. పెట్టెలో పుస్తకం, పుస్తకం అట్ట మీద క్యూఆర్ కోడ్. లోపల రాసింది: "ఫుట్ వాల్వు బిగించే విధానానికి ఇక్కడ నొక్కండి." నలుపు తెలుపు అచ్చే అయినా మాట కింద గీత మాత్రం శ్రద్ధగా పడింది. "ఏటి బాబూ, కాయితం నొక్కితే ఏటవుద్ది?" అన్నాడాయన. సరేనని కోడ్ స్కాన్ చేశాం. ఫోన్లో ఉన్నది: "12వ పేజీలో కుడివైపు పటం చూడండి." ఫోన్‌కి పన్నెండో పేజీ ఎక్కడిది? కుడివైపు ఛార్జర్ వైరు తప్ప ఏమీ లేదు. ఫైలుని ఈ సీటు నుంచి ఆ సీటుకి తిప్పే గుమాస్తాల్లా పుస్తకమూ ఫోనూ రైతుని తిప్పుకున్నాయి.

నవ్వి ఊరుకుందామంటే కుదరదు. పంపులో నీళ్లు పోసి, గాలి పోయాకే స్విచ్ వెయ్యాలన్న హెచ్చరిక పుస్తకంలో గడి కట్టి ఉంది, ఫోన్లో లేదు. గడి తెరకి పట్టలేదేమో, ఎవరో పుణ్యాత్ముడు దానికి 'అచ్చుకు మాత్రమే' అని గుర్తు పెట్టినట్టున్నాడు. నీళ్లు లేకుండా తిరిగితే సీలు కాలిపోతుంది. రిపేరు డబ్బులకి మాత్రం నిజంగానే సింగిల్ సోర్స్: రైతు జేబు.

పద్ధతి దండగని నేననను. ఇలా రాయడానికే ఐబీఎం వాళ్లు మొదలుపెట్టిన డీటా అనే విధానం 2005లో ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థ వారి ప్రమాణం అయింది. విషయాన్ని ముక్కలుగా రాసి, ఏ ముక్క ఎక్కడ కనబడాలో గుర్తులు పెడితే, అచ్చులో పేజీ అంకె, తెర మీద లింకు వాటంతట అవే పడతాయి. కానీ ఆ గుర్తులు పెట్టడానికి, రెండు రూపాలూ చదివి చూడటానికి మనిషి కావాలి. సాఫ్ట్‌వేర్ కొన్నదే ఆ మనిషిని తీసెయ్యడానికాయె!

ఇక తెలుగైతే మరీ విడ్డూరం. మన డీటీపీ సెంటర్లలో చాలా పని యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలోనే సాగుతుంది. ఆ ఫైలు తీసి ఫోన్లో పోస్తే యూనికోడ్‌కి మారదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసి బూతుల్లా కనబడతాయి. మార్చే సాధనాలున్నాయి; మార్చాక ఒత్తులు సరిగా పడ్డాయో లేదో చూసే దిక్కు లేదు.

ఒకే రాత రెండు రూపాలకి అతకదన్న సంగతి విజయనగరానికి కొత్త కాదు. 1892లో అక్కడ ఆడిన గురజాడ నాటకం 'కన్యాశుల్కం' 1897లో పుస్తకమైంది. 1909లో ఆయనే దాన్ని దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాశారు. ఆ పుస్తకమంతా ఒక్క రాత్రిలో ఆడటం కష్టం గనకే నటులు జె.వి. సోమయాజులు, రమణమూర్తి సోదరులు కత్తిరించుకుని ఆడారు. చదివేవాడి లెక్క వేరు, చూసేవాడి లెక్క వేరు. అంతటి గురజాడ రాతకే తప్పని కత్తిరింపు మోటారు మాన్యువల్‌కి అక్కర్లేదని చెప్పేవాడు సాఫ్ట్‌వేర్ అమ్మే గిరీశమే.

కొనేవాళ్లకి ఒక మనవి. డబ్బు కట్టేముందు షాపువాడి చేత పుస్తకం చూసి ఒకసారి, ఫోన్ చూసి ఒకసారి మోటారు ఆన్ చేయించండి. తడబడ్డాడా, బిల్లు రాయించుకోకండి.