స్వేచ్ఛానాన్నగారు

ఈయన మియాపూర్ అపార్టుమెంట్లలో ఉంటాడు, విజయవాడలో ఉంటాడు, న్యూజెర్సీలోనూ ఉంటాడు. మూడున్నరేళ్ల కొడుకుని మాంటిస్సోరి బడిలో వేశాడు. "మావాణ్ణి మేం దేనికీ బలవంతపెట్టమండీ, వాడి స్పీడులో వాడు నేర్చుకుంటాడు" అని లిఫ్టులో కనబడ్డవాళ్లందరికీ చెబుతాడు. సాయంత్రం వాడు బూట్లు విప్పకముందే "ఇవాళ ఏం నేర్పారురా?" అంటాడు. "నీళ్లు పోశాను నాన్నా, ఈ జగ్గులోంచి ఆ జగ్గులోకి." ఏడాది ఫీజు ఆయన కళ్ల ముందు కదులుతుంది. "మరి ఏబీసీడీలు?" "మళ్లీ ఆ జగ్గులోంచి ఈ జగ్గులోకి పోశాను." రాత్రి అన్నాలయ్యాక టీవీలో ఫోనిక్స్ వీడియో మొదలవుతుంది. గూగుల్ పెట్టిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఇద్దరూ మాంటిస్సోరిలో చదివారని ఆయనకు కంఠతా వచ్చు. అక్కడే చదివి గూగుల్ పెట్టనివాళ్ల ఊసు మాత్రం ఎత్తడు. ఆయన్ని కపటి అనలేం, పాపం. పిల్లాడి సొంత వేగం అంటే ఎదురింటి పిల్ల కంటే ఎక్కువ వేగమని మనస్ఫూర్తిగా నమ్మాడు, అంతే.

ఆ నీళ్ల సంగతి కొంచెం నిదానంగా చూడాలి. మరియా మాంటిస్సోరి వృత్తిరీత్యా డాక్టరు. 1907 జనవరి 6న రోములోని సాన్ లోరెంజో అనే పేదల పేటలో ఆమె 'పిల్లల ఇల్లు' అనే తన తొలి బడి తెరిచారు. అక్కడ మూడేళ్ల పాప ఒకతె చెక్కదిమ్మెలను వాటి గుంటల్లో పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం మొదలుపెట్టింది. చుట్టూ పిల్లల చేత పాటలు పాడించినా తలెత్తలేదు. కూర్చున్న కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెడితే దిమ్మెల్ని ఒళ్లో పెట్టుకుని పని సాగించింది. ఆ పరికరంలో ఒక దిమ్మె తప్పు గుంటలో పడితే చివరికి ఇంకో దిమ్మె ఎక్కడా పట్టకుండా మిగిలిపోతుంది, కాబట్టి తప్పు చెప్పడానికి టీచరూ అక్కర్లేదు, నాన్నా అక్కర్లేదు. గరుకు కాగితపు అక్షరాల మీద వేలితో దిద్దడం, ఆ తర్వాత రాయడం, అన్నీ ఈ చేతి పనుల వెంటే వస్తాయి. జగ్గు వంచి ఒక్క చుక్క కిందపడకుండా ఆపగలిగిన మణికట్టు పెన్సిలుకి తయారవుతోందన్నమాట. నాన్నగారు ఆ పూట చదువు జరగలేదనుకున్నారు గానీ, జరిగిన చదువంతా అదే.

"ఇదంతా బాగానే ఉంది, రేపు ఒకటో తరగతి సీటెవడిస్తాడు?" అంటాడాయన. ఈ భయాన్ని కొట్టిపారేయలేం. 2009 విద్యాహక్కు చట్టం అడ్మిషన్లలో పిల్లల్ని వడపోయకూడదంది. చాలా బడులు ఆ వడపోతకే ఇంటరాక్షన్ అని పేరు మార్చుకున్నాయి. కానీ ఆయన భయానికి జవాబుంది. అమెరికాలోని మిల్వాకీలో లాటరీలో మాంటిస్సోరి బడి సీటు వచ్చిన పిల్లల్నీ, రాని పిల్లల్నీ పోల్చిన అధ్యయనం 2006లో సైన్స్ పత్రికలో వచ్చింది. సీటు వచ్చిన అయిదేళ్ల పిల్లలు అక్షరాల్లోనూ లెక్కల్లోనూ కూడా ముందున్నారు. అయితే అది పద్ధతిని నిక్కచ్చిగా పాటించిన బడి. మాంటిస్సోరి అన్న పేరు మీద ఎవరికీ ప్రత్యేక హక్కు లేదని అమెరికా ట్రేడ్‌మార్క్ అధికారులు 1967లోనే తేల్చేశారు. మన దగ్గరా బోర్డు రాయించడానికి పెయింటరు దొరికితే చాలు. పేరు గొప్ప ఊరు దిబ్బ.

ఇక "వదిలేస్తే రోజంతా నీళ్లతోనే ఆడతాడు" అన్నది రెండో అభ్యంతరం. అసలు వదిలేసిందెవరు? ఏ వస్తువు ఏ అరలో ఉండాలో పెద్దలే నిర్ణయిస్తారు. ఒక్కో రకం పరికరం గదిలో ఒక్కటే ఉంటుంది, పక్కవాడు ముగించేదాకా ఆగాలి. తీసినదాన్ని తీసినచోటే పెట్టాలి. టీచరు ఒకసారి చేసి చూపించి పక్కకి తప్పుకుంటుంది, ఎవరు దేని దగ్గర ఎంతసేపున్నారో గమనిస్తుంది, పిల్లవాడు సిద్ధమయ్యాడనిపించినప్పుడు తర్వాతి పని చూపిస్తుంది. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి అ ఆలు వల్లె వేయించడం కంటే ఇది కష్టమైన ఉద్యోగం. మన స్వేచ్ఛానాన్నగారికి మింగుడుపడనిది ఆ పక్కకి తప్పుకోవడమే.

కాబట్టి అయ్యా, వచ్చే ఏడు అడ్మిషన్‌కి వెళ్లేటప్పుడు సిలబస్ అడక్కండి. ఓ గంటసేపు తరగతిలో ఓ మూల కూర్చోనిమ్మని అడగండి. పాతికమంది పిల్లలూ ఒకేసారి ఒకే పేజీ తిప్పుతుంటే, గుమ్మం మీద ఎవరి పేరున్నా సరే, ఫీజు కట్టకుండా వచ్చేయండి.