పోస్టులన్నీ నిండినయ్!

నిజామాబాద్ జిల్లాలో నిరుద్యోగం లేదు. నమ్మకం కుదరకపోతే పోటీ పరీక్షల ఆన్‌లైన్ స్టడీ గ్రూపు ఏదైనా ఒకదానిలో చేరి చూడండి. చీఫ్ అడ్మిన్ ఒకరు, ఆయన కింద ఇద్దరు డిప్యూటీలు. బోధన్‌కు ఒక ఇన్‌ఛార్జి, ఆర్మూర్‌కు ఒక ఇన్‌ఛార్జి. వర్ని, రుద్రూర్, ఎడపల్లి మండలాలకు కోఆర్డినేటర్లు. కరెంట్ అఫైర్స్ కన్వీనర్, ఆయన ఊళ్లో లేనప్పుడు కో-కన్వీనర్. పీడీఎఫ్‌లకు వేరే బాధ్యుడు. క్రమశిక్షణకు కమిటీ. వీళ్లందరూ పోగా ఎవరైనా మిగిలితే వాళ్లు చదువుకుంటారు.

పబ్లిక్ సర్వీస్ కమిషన్ వల్ల కాని పని ఈ గ్రూపులు చేసి చూపించాయి. 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్-1 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ పెట్టారు. పేపర్లు లీకయ్యాయని రద్దు చేశారు. 2023 జూన్ 11న మళ్లీ పెట్టారు. ఈసారి హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్‌ను పక్కన పడేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. మొదటి నోటిఫికేషన్ కింద కమిషన్ నింపిన పోస్టు ఒక్కటీ లేదు. అదే కాలంలో గ్రూపులు మాత్రం ఖాళీ అన్న మాట వినపడకుండా భర్తీ చేసుకున్నాయి. పరీక్ష రద్దయినప్పుడల్లా కోఆర్డినేటర్ డిప్యూటీ అయ్యాడు, డిప్యూటీ చీఫ్ అయ్యాడు. రాతపరీక్ష లేదు, రోస్టర్ పాయింట్ లేదు, కోర్టు కేసు అసలే లేదు. ఇంతకన్నా పారదర్శకమైన నియామకం ఎక్కడుంది?

హోదా అన్నాక విధులుండాలి కదా. ఉన్నాయి. ‘వాలంటీర్ల విధులు–బాధ్యతలు’ అని ఒక పీడీఎఫ్ గ్రూపు నెత్తిన పిన్ చేసి ఉంటుంది. సిలబస్‌కన్నా పొడుగు. పొద్దున్నే మొదటి గుడ్ మార్నింగ్ ఎవరు పెట్టాలి, పండుగ శుభాకాంక్షల పోస్టర్ మీద ఎవరి ఫొటో ఎంత సైజులో ఉండాలి, చీఫ్ అడ్మిన్ పుట్టినరోజు ఎవరు గుర్తు చేయాలి, అన్నీ వివరంగా రాసి ఉంటాయి. డౌటుకు జవాబు ఎవరు చెప్పాలన్నది మాత్రం ఉండదు.

దాని ఫలితం ఎట్లా ఉంటుందో చెబుతాను. గ్రూపు పేరు అడగొద్దు, చెబితే పది గ్రూపులవాళ్లు మాదేనని భుజాలు తడుముకుంటారు. రుద్రూర్ వైపు అమ్మాయి ఒకామె అడిగింది: 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం మన జిల్లా ఏ జోన్ కిందికి వస్తుంది? వెంటనే మండల కోఆర్డినేటర్ స్పందించాడు: “రూల్స్ సదువలేదా చెల్లె? డౌట్లు డౌట్ల టైంలనే అడుగాలె.” చెల్లె ఆ టైముకే అడిగింది. పాలిటీ కన్వీనర్ ఇది తెలంగాణ సబ్జెక్టు అన్నాడు. తెలంగాణ కన్వీనర్ ఇది పాలిటీ అన్నాడు. డిప్యూటీ అడ్మిన్ ఇద్దరి మధ్యా సమన్వయం కుదర్చడానికి గూగుల్ మీట్ పెట్టాడు. మీట్ బాగా జరిగిందని స్క్రీన్‌షాట్ వచ్చింది, దానికి నూరు దండాలు వచ్చాయి. చివరికి ఏ హోదా లేని పిల్లవాడొకడు రాత్రి పదకొండున్నరకు ఒక్క ముక్క రాశాడు: “బాసర జోన్, మల్టీజోన్-1.” వేళ కాని వేళ పోస్టు పెట్టినందుకు క్రమశిక్షణ కమిటీ అతన్ని తెల్లారేసరికి రిమూవ్ చేసింది. కమిటీ పనిచేయదని ఎవరన్నారు?

“ఒక్క రూపాయి తీసుకోం, ఇది స్వచ్ఛంద సేవ” అని అడ్మిన్లు గుండె మీద చెయ్యి వేసుకుంటారు. నిజమే, తీసుకోరు. జీతం లేదు కాబట్టి జవాబుదారీ అడగకూడదట. జీతం లేకపోయినా హోదా మాత్రం కావాలట. పైగా కొన్ని గ్రూపుల వెనకాల ఒక కోచింగ్ సెంటరో, ఒక టెస్ట్ సిరీసో నిశ్శబ్దంగా కూర్చుని ఉంటుంది. వాలంటీర్ పోగేసిన నంబర్లకు వారం తిరక్కుండా డిస్కౌంట్ కూపన్ వస్తుంది. సేవ వీళ్లది, ఫీజు వాళ్లది. ఈ సంగతి పిన్ చేసిన పీడీఎఫ్‌లో ఏ పేజీలోనూ కనపడదు.

జీతం లేకుండా చదువు పంచినవాళ్లు ఈ నేలకు కొత్త కాదు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చేసిన పుస్తకాలు తనే మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. రాష్ట్ర పుస్తక సంచి ఇన్‌ఛార్జి అని ఎవరినీ నియమించలేదు. అదే ఆళ్వారుస్వామితో పాటు ఇందూరు ఖిల్లా జైలులో ఉన్న దాశరథి బొగ్గుముక్కతో గోడ మీద పద్యాలు రాశాడు. ఆ గోడకు ‘ఓన్లీ అడ్మిన్స్’ సెట్టింగ్ లేకపోవడం తెలుగు సాహిత్యం చేసుకున్న పుణ్యం. అంత వెనక్కి ఎందుకనుకుంటే, 2003 నుంచి వాలంటీర్లతోనే నడుస్తున్న తెలుగు వికీపీడియా ఉంది. అక్కడా నిర్వాహకులున్నారు. కానీ ఏ నిర్వాహకుడు ఏ పేజీని ఎప్పుడు తీసేశాడో చిట్టా అందరికీ కనపడుతుంది, ఎవరైనా నిలదీయవచ్చు. మన అడ్మిన్‌గారిని ఎందుకు తీసేశారని అడిగితే అడిగినవాడినీ తీసేస్తాడు.

పేరు మిగిలి పని ఆగిపోయే ఈ తంతు బోధన్‌వాళ్లకు బాగా పరిచయం. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న శక్కర్‌నగర్ నిజాం షుగర్స్‌కు 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించారు. తెరిపించే మార్గం చూడమని కమిటీ వేసింది 2024 జనవరిలో. నడుమ ఎనిమిదేళ్లు చెరుకు పక్క ఫ్యాక్టరీలకు పోయింది, హామీలు మాత్రం ఇక్కడే ఉన్నాయి. మన స్టడీ గ్రూపూ క్రషింగ్ లేని మిల్లే: గేటు దగ్గర పదిమంది కాపలా, లోపల చెరుకు గడ లేదు.

నిజంగా పని చేసేవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఆఫీసు నుంచి వచ్చాక పదిమంది మెయిన్స్ వ్యాసాలు దిద్దిపెట్టే ఉద్యోగి ఉన్నాడు. చంటిపిల్లను నిద్రపుచ్చి రాత్రిపూట కీ టైపు చేసి పెట్టే ఇల్లాలు ఉంది. వాళ్ల పేర్ల పక్కన ఏ హోదా ఉండదు. ఒక గ్రూపులో ఆ ఇల్లాలిని డిప్యూటీగా ఉండమని అడిగితే, “వద్దన్నా, కీ ఎవరు టైపు చేస్తరు మరి?” అందట. ఆ మాటలోని వెటకారం చీఫ్ అడ్మిన్‌కు ఇంకా అందలేదు.

కాబట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, గ్రూపులో చేరాక హోదాల జాబితా చదవకండి. పోయిన వారం ఎన్ని డౌట్లు అడిగారు, ఎన్నింటికి జవాబు వచ్చింది, అది చూడండి. సగానికి కూడా రాకపోతే బయటికి రండి. ఎగ్జిట్ కొట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వాట్సాప్‌లో గ్రూపు వదిలితే ఆ నోటిఫికేషన్ ఇప్పుడు అడ్మిన్లకు మాత్రమే వెళ్తుంది. ఆ రోజుకు వాళ్లకూ ఒక పని దొరుకుతుంది.