స్వరం మధ్యలో కునుకు తీసే యంత్రం

మా రోజుల్లో టేపు మెషీనుకు ఒక్కటే పని. సెకనుకు పదిహేను అంగుళాల చొప్పున టేపును హెడ్డు ముందు నుంచి లాగాలి, మైకు పంపింది దాని మీద రాయాలి. గాయని ఊపిరి పీల్చుకున్నా, మృదంగం ఆగినా, హాలంతా చడీచప్పుడూ లేకపోయినా మోటారు అదే వేగంతో తిరిగేది. ఇవాళ లక్షన్నర పోసి కొన్న ల్యాప్‌టాప్ అలా ఉండదు. రెండు పనుల మధ్య రెప్పపాటు ఖాళీ దొరికితే చాలు, ప్రాసెసర్ తన వేగం తగ్గించుకుంటుంది, కోర్లలో కొన్నింటిని పడుకోబెడుతుంది. బ్యాటరీ మిగులుతుంది. పాటలో 'టిక్'మని ఒక చప్పుడు పడుతుంది.

ఆ టిక్కు వినగానే 'ఇంకో టేక్ చేద్దాం సార్' అంటారు కుర్రాళ్లు. అదెందుకు వచ్చిందని అడిగేవాడు కనబడడు. నాకు కడుపు మండేది అక్కడే.

తొమ్మిదింటికి రికార్డింగంటే మేం ఏడున్నరకే స్టూడియోలో ఉండేవాళ్లం. స్పిరిట్లో ముంచిన దూదితో హెడ్లు తుడవాలి. వాటికి పట్టిన అయస్కాంతపు జిడ్డు వదిలించాలి. కొలతల టేపు పెట్టి ముందు వెయ్యి సైకిళ్ల స్వరం, తర్వాత పదివేల సైకిళ్ల స్వరం వింటూ మీటరు ముల్లు చూసుకోవాలి. హెడ్డు వెంట్రుకవాసి వాలినా పైస్థాయి శబ్దాలు మొద్దుబారిపోతాయి, స్క్రూ తిప్పి సరిచేసుకోవాలి. స్టెబిలైజరు వైపు ఒక కన్నుండాలి. 2500 అడుగుల స్పూలు ఆ వేగంలో ముప్ఫై మూడు నిమిషాలకు అయిపోతుంది కాబట్టి, ఆలాపన ఎంతసేపు, కృతి ఎంతసేపు అని విద్వాంసుణ్ణి ముందే అడిగి పెట్టుకోవాలి. టేపులో లోపాలు లేవని నేననను. 'స్‌స్‌స్' అనే హోరు ఎప్పుడూ ఉండేది, టేపు పాతదైతే మధ్యమధ్య శబ్దం సన్నగిల్లేది. కానీ మెషీను సంగతి చాలావరకు పొద్దున్నే తేలిపోయేది. కళాకారులు కాలు పెట్టేసరికి మెషీను సిద్ధం. అది రికార్డిస్టు ధర్మం, ఎవరూ చెప్పనక్కర్లేదు.

కంప్యూటరు వచ్చిన తొలినాళ్లలో కూడా ఈ మర్యాద కొంత నిలిచింది. 1991లో డిజిడిజైన్ వాళ్లు ప్రో టూల్స్ అనే రికార్డింగు వ్యవస్థ తెచ్చినప్పుడు ధ్వని పనికి విడిగా ఒక కార్డు ఉండేది. తెర మీద బొమ్మ గీయడం లాంటివి అసలు ప్రాసెసర్ చూసుకునేది. తర్వాత ప్రాసెసర్లు బలిశాయి, అన్నీ వాటి నెత్తినే పెట్టారు. 1997లో స్టైన్‌బర్గ్ వాళ్లు ఆసియో అనే దారి వేసి, విండోస్ సొంత మిక్సరు మీదుగా పోకుండా శబ్దాన్ని నేరుగా కార్డుకు పంపే వీలు కల్పించారు. అందువల్ల ఎంత మేలు జరిగిందో నాకు తెలుసు. ఇవాళ తెనాలిలోనో సిద్దిపేటలోనో ఒక కుర్రాడు ఇంటి గదిలో కూచుని పాట రికార్డు చేస్తున్నాడు. అది చూసి సంతోషించేవాళ్లలో నేను ముందుంటాను. అయితే విడి కార్డు చేసిన పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారో, ఆ చేసేవాడు మెలకువగా ఉన్నాడో లేదో చూసుకోవాల్సిన బాధ్యత కూడా ఆ కుర్రాడి మీదే పడింది. ఆ మాట అతనికి ఎవరూ చెప్పలేదు.

శబ్దానికి కావలసింది వేగం కాదు, వేళ. సెకనుకు 48,000 నమూనాలు తీసుకుంటూ, బఫర్, అంటే ఒక్కో విడతలో అందే నమూనాల లెక్క, 128 అని పెట్టుకుంటే, ప్రాసెసర్ సెకనుకు 375 సార్లు సరుకు అందించాలి. ఒక్కోసారికి రెండు మిల్లీసెకన్ల పైచిలుకు, మూడు లోపు. పెళ్లి పంక్తిలో సాంబారు వడ్డించేవాడి బకెట్టు ఖాళీ అయ్యేలోపు వంటశాల నుంచి రెండో బకెట్టు రావాలి. వంటవాడు గంటకు వెయ్యి మందికి వండగలడా అన్నది అప్పుడు ఎవరిక్కావాలి? బకెట్టు బకెట్టుకూ పొయ్యి ఆర్పి మళ్లీ వెలిగిస్తుంటే ఏదో ఒక విస్తరి దగ్గర గరిటె ఆగుతుంది. ఆ ఆగడమే టిక్కు.

'సార్, టాస్క్ మేనేజర్ చూడండి, ప్రాసెసర్ ఇరవై శాతం కూడా వాడట్లేదు' అంటారు. అది సగటు, నాయనా! 375 సార్లలో 374 సార్లు టంచనుగా వచ్చి ఒక్కసారి ఆలస్యమైనా సగటులో కనబడదు, పాటలో కనబడుతుంది. నిజానికి పని తక్కువగా ఉన్నప్పుడే ప్రాసెసర్ ఎక్కువగా కునుకు తీస్తుంది. అందుకే ఇరవై ట్రాకుల పాట సాఫీగా పోయిన కంప్యూటరు మీద ఒంటి తంబూరా, ఒంటి గొంతు చిటపటలాడిన సందర్భాలున్నాయి.

ఈ మధ్య ఒక కొత్త స్టూడియోలో ఒక విదుషీమణి తోడి ఆలాపన చేస్తుంటే పక్కన కూచున్నాను. గాంధారం మీద ఊగుతూ ఊగుతూ ఉండగా టిక్కుమంది. అక్కడి అబ్బాయి నిబ్బరంగా 'తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తీసేస్తాను' అన్నాడు. ఏం తీస్తాడు? అక్కడ నమూనాలు రాలిపోయి చిల్లు పడింది. అటూ ఇటూ చూసి, మధ్యలో ఇలా ఉండి ఉంటుందని సాఫ్ట్‌వేర్ ఊహించి అతుకు వేస్తుంది. తోడి గాంధారం ఎటు ఊగుతుందో అది ఊహించేదేమిటి? ఆవిడ అరవై ఏళ్ల సాధన అది.

పోనీ దీన్ని సరిచేయడం బ్రహ్మవిద్యా? విండోస్‌లో పవర్ ప్లాన్ 'బ్యాలెన్స్‌డ్' మీద ఉంటే 'హై పెర్ఫార్మెన్స్'కు మార్చాలి. ప్రాసెసర్ కనీస స్థితి మామూలుగా అయిదు శాతం దగ్గర ఉంటుంది, దాన్ని వందకు తేవాలి. యూఎస్‌బీకి అప్పుడప్పుడు కరెంటు ఆపే సౌకర్యాన్ని తీసేయాలి, ఎందుకంటే మైకు తగిలించిన ఇంటర్‌ఫేసు ఉండేది ఆ తీగ చివరే. డెస్క్‌టాప్ అయితే బయోస్‌లోకి వెళ్లి, కోర్లను పడుకోబెట్టే సీ-స్టేట్స్, వేగం తగ్గించే స్పీడ్‌స్టెప్ ఆపి చూడొచ్చు. లేటెన్సీమాన్ అనే ప్రోగ్రాము పెట్టుకుంటే ఏ డ్రైవరు దారికి అడ్డం పడుతోందో పేరుతో సహా చెబుతుంది. చాలాసార్లు ఆ దొంగ వైఫై డ్రైవరే. రికార్డింగు సేపు వైఫై ఆపేస్తే కొంప మునగదు. చాలామంది ఇవేవీ చేయకుండా బఫర్ 1024కు పెంచి చేతులు దులుపుకుంటారు. మిక్సింగుకు అది ఫరవాలేదు. పాడేటప్పుడు మాత్రం అటు ఇరవై ఒకటి, ఇటు ఇరవై ఒకటి మిల్లీసెకన్లు కలిసి గాయని గొంతు ఆమె చెవికే ఆలస్యంగా చేరుతుంది. తాళం ఎక్కడ నిలుస్తుంది?

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ప్రాసెసర్‌ను పూర్తి వేగంలో కట్టేస్తే వేడెక్కుతుంది, మే నెల ఎండల్లో మరీనూ. ఫ్యాన్ గుయ్యిమంటుంది, మైకు దాన్ని పట్టేస్తుంది. మరీ వేడెక్కితే తనంతట తానే వేగం దించుకుంటుంది, మళ్లీ మొదటికొస్తాం. కాబట్టి కంప్యూటరు పక్క గదిలో ఉండాలి, లేదా మైకుకు దూరంగా గాలి ఆడేచోట ఉండాలి. మా టేపు మెషీన్లు కంట్రోల్ రూములో ఉండేవి. గాయకులకూ మాకూ మధ్య అద్దం ఊరికే పెట్టలేదు.

లైనక్స్ వాళ్లను మెచ్చుకోవాలి. వేళకు పని జరిగి తీరాలనే పట్టుదలతో దాదాపు ఇరవై ఏళ్లు కష్టపడి, ఆ మార్పుల్ని 2024లో ప్రధాన కెర్నెల్‌లో కలిపారు. వాళ్లకున్న ఆ శ్రద్ధ ల్యాప్‌టాప్‌లు అమ్మేవాళ్లకు లేదు. ఈ మధ్య మెషీన్లు కొన్నింటిలో 'హై పెర్ఫార్మెన్స్' ప్లాన్ కనబడను కూడా కనబడదు, 'బ్యాలెన్స్‌డ్' ఒక్కటే చూపిస్తారు. పెట్టె మీద 'సంగీతకారుల కోసం' అని అచ్చు వేసినప్పుడు, లోపల ఆ మీట ఎదురుగా పెట్టడానికేం?

అబ్బాయిలూ, అమ్మాయిలూ, మీ చేతిలో ఉన్నది మేం కలలో కూడా చూడని పరికరం. పాడేవాళ్లను పిలవడానికి గంట ముందు వెళ్లండి. సెట్టింగులు సరిచూసి, తంబూరా ఒక్కటే పెట్టి పది నిమిషాలు రికార్డు చేసి, హెడ్‌ఫోన్లలో మొదటి నుంచి చివరిదాకా వినండి. అందులో ఒక్క టిక్కు వినబడినా ఆ రోజు ఎవరినీ మైకు ముందు కూచోబెట్టకండి.