భోపాల్‌పట్నంలో రాత్రి సూర్యోదయాలు

దేశమంతటా సూర్యుడు రోజుకొక్కసారి, అదీ ఒక్క దిక్కునే ఉదయిస్తాడు. భోపాల్‌పట్నంలో మాత్రం పొద్దుగూకాక మూడు దిక్కుల నుంచి ఉదయిస్తాడు. వాజేడు, తార్లగూడ మీదుగా టీజీ సూర్యుడు వస్తాడు. ఇంద్రావతి మీద తిమేడ్ వంతెన దాటుకుని ఎంహెచ్ సూర్యుడు వస్తాడు. బీజాపూర్ వైపు నుంచి దిగే సీజీ సూర్యుడు సొంత రాష్ట్రం వాడు కదా, ఇంకాస్త చనువు తీసుకుని నేరుగా కళ్లల్లోకే వస్తాడు. ఎవరొచ్చినా జంటగానే వస్తారు. కొందరికి బంపర్ మీద ఇద్దరు, టాపు మీద నలుగురు పిల్ల సూర్యులు అదనం. ఊళ్లో కోళ్లు అర్ధరాత్రి కూస్తున్నాయంటే తప్పు వాటిది కాదు.

ఛత్తీస్‌గఢ్‌లోని ఈ ఊరు చేసుకున్న పాపమల్లా తెలంగాణ, మహారాష్ట్రలతో కలిసి మూడు రాష్ట్రాల మూల మీద పుట్టడమే. హైదరాబాద్ నుంచి వరంగల్, ఏటూరునాగారం మీదుగా వచ్చే 163వ నంబరు జాతీయ రహదారి ఇక్కడితో అయిపోతుంది. పాతవాళ్లు దాన్ని ఇంకా 202 అనే అంటారు. నిజామాబాద్ నుంచి సిరొంచ మీదుగా జగదల్‌పూర్ పోయే 63 ఈ ఊరి మీదుగానే పోతుంది. అటు గోదావరి మీద ముల్లకట్ట వంతెన 2016లో తెరిచారు. ఇటు తిమేడ్ దగ్గర ఇంద్రావతికీ వంతెన పడింది. అంతకు ముందు సిరొంచ నుంచి రావాలంటే పడవవాణ్ణి బతిమాలుకోవాలి, వాడు లేవకపోతే ఒడ్డునే పడుకోవాలి. పనులు ఆగేవేమో గానీ కళ్లు మాత్రం భద్రంగా ఉండేవి. బస్తర్ సంస్థానం రోజుల్లో భోపాల్‌పట్నం ఒక జమీందారీ. జమీందారులు పోయారు, జమీందారీ పోలేదు. చీకటి పడ్డాక రోడ్డు ఎవరిదంటే, ఎవరి బండికి ఎక్కువ వాట్లుంటే వాళ్లది.

వెక్కిరించడానికి ముందు న్యాయం మాట్లాడాలి. ఈ దారిలో వెలుతురు నిజంగానే కావాలి. పట్నాల్లో వీధిదీపాల కింద హైబీమ్ వేసుకుని తిరిగేవాడిది ఉత్త బలుపు. ఇక్కడ అలా కాదు. ఒకపక్క ఇంద్రావతి పులుల అభయారణ్యం, మిగతా పక్కల మామూలు అడవి, నడుమ రోడ్డు. వీధిదీపమన్నది ఊళ్లోకి వస్తే తప్ప కనపడదు. వానాకాలం వచ్చిందంటే ఊరి పశువులన్నీ తారురోడ్డెక్కి పడుకుంటాయి. కింద వెచ్చగా ఉంటుంది, పైన గాలి ఆడుతుంది, బురదా ఉండదు. నల్లటి రోడ్డు మీద, నల్లటి రాత్రిలో, నల్లటి గేదె. దానికి వెనక రిఫ్లెక్టరు ఉండదు, బ్రేక్ లైటు అసలే ఉండదు. ఇలాంటి దారిలో బండి నడిపేవాడు ఇంకొంచెం వెలుతురు కావాలంటే తప్పు పట్టడానికి మనసొప్పదు.

తప్పంతా తర్వాత మొదలవుతుంది, దుకాణానికి పోయాక.

మా బావకు పాత జీపొకటి ఉంది. "కంపెనీ బల్బు ఏం బల్బు బామ్మర్దీ, అగ్గిపుల్ల నయం" అని 60/55 వాట్ల మామూలు బల్బులు పీకించి 130/100 వి వేయించాడు. డబ్బా మీద 'ఆఫ్ రోడ్ యూజ్ ఓన్లీ' అని ఇంగ్లీషులో ఉంది. "బావా, దీన్ని రోడ్డు మీద వాడొద్దని రాసిండు" అన్నాను. బావ జాలిగా చూశాడు. "మన రోడ్డు చూసినంకనే రాసినట్టున్నది. రోడ్డు లేని జాగల్నే వాడాలన్నడు గదా. ఇంతకంటె లేని జాగ ఎక్కడున్నదో చూపియ్యి." చట్టానికి ఇంత గట్టి భాష్యం హైకోర్టు వకీలు కూడా చెప్పలేడు.

కానీ కరెంటుకు భాష్యాలు తెలియవు. 12 వోల్టుల మీద 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు తాగుతుంది. 130 వాట్లదైతే దాదాపు 11. రెండు బల్బులకు కలిపి 22. కంపెనీ వేసిన సన్నటి వైరు, స్టీరింగ్ పక్కనున్న చిన్న స్విచ్చు అంత కరెంటు కోసం పుట్టలేదు. మొదట హోల్డరు మెత్తబడింది, తర్వాత వైరు మాడిన వాసనొచ్చింది, ఆఖరికి బావ అడవి నడుమ టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాడు. ఆ రాత్రి ఎదురొచ్చిన లారీవాళ్లు మాత్రం హాయిగా పోయారు.

అక్కడితో ఆగితే బావ ఎందుకవుతాడు? ఈసారి ఎల్ఈడీ తెచ్చాడు. డబ్బా మీద వెలుతురు 20,000 ల్యూమెన్లని ఉంది. ఎల్ఈడీ డబ్బాల మీద అంకెలు ఎన్నికల మేనిఫెస్టో రాసే చేతులే రాస్తాయని నా అనుమానం. మన జీపుల్లో, వ్యాన్లలో ఎక్కువగా కనిపించే హెచ్4 హేలోజన్ బల్బుకు ప్రమాణం లోబీమ్‌లో సుమారు 1,000 ల్యూమెన్లు, హైబీమ్‌లో 1,650. డబ్బాను నమ్మితే బావ ఒక్కడే ఇరవై జీపుల పెట్టు. బిగించాక చూస్తే బానెట్ ముందు పది గజాలు పెళ్లిపందిరిలా వెలిగిపోతోంది, ఆ పైన రోడ్డు లేదు. దగ్గర నేల మరీ తెల్లగా మెరిస్తే కన్ను దానికే అలవాటుపడి దూరాన ఉన్న మసక గేదెను పట్టించుకోదు. మిగిలిన వెలుతురంతా చెట్ల కొమ్మల్లోకి పోయింది. ఆ దారిలో ఏ కొమ్మ మీద ఎన్ని గుడ్లగూబలున్నాయో బావ ఇప్పుడు లెక్క చెప్పగలడు.

ఇది బావ తలరాత కాదు, అద్దం రాత. హెచ్4 బల్బు 1971 నాటిది. అందులో రెండు తీగలుంటాయి. లోబీమ్ తీగ కింద గోరంత లోహపు దొప్ప ఉంటుంది. తీగ నుంచి కిందికి పోయే వెలుతురును అది ఆపేస్తుంది కాబట్టి రిఫ్లెక్టరులో పైసగమే పని చేస్తుంది, కాంతి కిందికి వంగి రోడ్డు మీద పడుతుంది. మనం ఎడమపక్కన నడుస్తాం గనక ఎడమ అంచున మాత్రం కాస్త పైకి లేచి రోడ్డు వారన నడిచే మనిషిని చూపిస్తుంది. రిఫ్లెక్టరు వంపంతా వెంట్రుకలాంటి ఆ తీగ ఫలానా చోటే ఉంటుందన్న నమ్మకం మీద చేసింది. దాన్ని తీసేసి, లావుపాటి కాడకు రెండు పక్కలా చిప్పులు అంటించిన ఎల్ఈడీని దూర్చితే, వెలుతురు ఎటు నుంచి వస్తోందో రిఫ్లెక్టరుకు అంతుపట్టదు. దిక్కు తోచక అన్ని దిక్కులకూ పంచిపెడుతుంది. జెనాన్ కిట్లదీ ఇదే కథ. 35 వాట్లకే సుమారు 3,000 ల్యూమెన్లు ఇస్తాయవి. అందుకే యూరప్ నిబంధనలు 2,000 ల్యూమెన్లు దాటిన దీపానికి బరువును బట్టి దానంతటదే తల దించుకునే ఏర్పాటు, అద్దం కడిగే పిచికారీ రెండూ ఉండాలంటాయి. మన కిట్టుతో వచ్చేది రెండు జిప్ టైలు, ఒక స్టిక్కరు.

రంగు పిచ్చి మరొకటి. నీలం ఎంత కొడితే అంత ఖరీదైన కారని ఎవరో ప్రచారం చేశారు. ఫ్రాన్సువాళ్లు 1936లో చట్టం చేసుకుని 1993 దాకా పసుప్పచ్చ హెడ్‌లైట్లతోనే తిరిగారు. దాని లాభమెంత అన్న దాని మీద వాదనలున్నాయి గానీ, కనీసం ఎదుటివాడి కన్ను గురించి ఒక దేశం కూర్చుని ఆలోచించింది. మనవాళ్లు ఆలోచించేది సెల్ఫీలో బండి ముఖం ఎలా ఉందని.

ఇంతకీ బావను అడిగితే తప్పు తనది కాదంటాడు. సిరొంచ వ్యానువాడు కళ్లల్లో కొట్టబట్టే తాను మార్చాడట. సిరొంచ వ్యానువాణ్ణి కదిలిస్తే ఏటూరునాగారం లారీని చూపిస్తాడు. ఆ లారీవాడి దగ్గర జగదల్‌పూర్ బస్సు పేరు సిద్ధంగా ఉంటుంది. మూడు రాష్ట్రాల్లో మొదలుపెట్టినవాడంటూ ఎవడూ లేడు, అందరూ ఆత్మరక్షణలోనే ఉన్నారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కళ్లు బైర్లు కమ్మి తేరుకోవడానికి రెండు సెకన్లు పట్టిందనుకోండి, 33 మీటర్లు డ్రైవరు లేని బండే. వయసు పైబడ్డ కంటికి, శుక్లం మొదలైన కంటికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఎదుటివాణ్ణి అలా గుడ్డివాణ్ణి చేసి, అతను తన పక్కనుంచి అరగజం దూరంలో పోతున్నప్పుడు "ఇప్పుడు నాకు రోడ్డు బాగా కనబడుతోంది" అని సంతోషించే ధైర్యం బావకే చెల్లింది.

చట్టం లేదనుకునేరు. చక్కని చట్టం ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది ఏమంటుందంటే, దీపానికి 8 మీటర్ల ముందు, కుడివైపు అరమీటరు అవతల, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు గొలపకూడదు. అంటే సర్కారు ఒక మనిషిని నిలబెట్టింది. ఆయన కోసమే ఇదంతా. పాపం 1989 నుంచి రోడ్డు మీద అక్కడే నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్లలో ఆయన్ని కళ్లు కనబడుతున్నాయా అని పలకరించిన బ్రేక్ ఇన్‌స్పెక్టరును నేను చూడలేదు. ఇక బండిని ఇష్టమొచ్చినట్టు మార్పించుకునే యజమానికి, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ ప్రకారం ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండు బల్బులు ఒక మార్పా, రెండు మార్పులా అన్నది బావ నన్నడిగిన మొదటి ప్రశ్న.

పూర్వం పోలీసులు హెడ్‌లైటు అద్దం మీద నల్లరంగు బొట్టు పెట్టేవారు. పైకి లేచే వెలుతురును తగ్గించడానికి. జనం దాన్ని దిష్టిబొట్టు అనుకుని నిమ్మకాయా మిరపకాయలూ పక్కనే కట్టారు. దిష్టి మనకు తగులుతుందని భయపడ్డామే తప్ప, మన బండి దిష్టి ఊరందరికీ తగులుతోందని తోచలేదు. ఇప్పుడు బొట్టు పోయింది, నిమ్మకాయ మిగిలింది.

లారీల వెనక రాసే 'యూజ్ డిప్పర్ ఎట్ నైట్' సంగతీ అంతే. డిప్పర్ కొట్టాల్సినవాళ్లలో ముఖ్యుడు ఎదురొచ్చేవాడు, రాత ఉన్నది లారీ వీపు మీద. అతను చదవాలంటే ముందు లారీని దాటాలి, దాటాక అద్దంలో వెనక్కి చూడాలి, అద్దంలో అక్షరాలు తిరగబడి ఉంటాయి.

చెప్పొద్దూ, ఈ రోగానికి మందు బల్బు దుకాణంలో కంటే బకెట్టులో ఎక్కువ ఉంది. తార్లగూడ దాకా పోయివచ్చిన బండి అద్దం మీద బురద చూడండి. కొన్న వెలుతురులో ఎంతో కొంత దానికే పోతుంది. ప్లాస్టిక్ అద్దం పసుపెక్కి మసకబారితే పాలిష్ చేయించాలి. రిఫ్లెక్టరు వెండి రాలిపోతే అందులో సాక్షాత్తూ సూర్యుణ్ణి పెట్టినా లాభం లేదు, హెడ్‌లైటు డూమ్ మార్చాల్సిందే. తర్వాత వైరు. బల్బు దగ్గరికి చేరేసరికి వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుతురు దాదాపు ముప్పయి శాతం పడిపోతుంది. పాత జీపుల్లో ఇది మామూలు. బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు లాగి, మధ్యలో రిలే పెట్టిస్తే అదే 60/55 బల్బు కొత్తగా పుట్టినట్టు వెలుగుతుంది, ఎదుటివాడికి ఏ హానీ లేకుండా. ఆటో ఎలక్ట్రీషియన్ దీన్ని చెప్పడు. రిలే మీద మిగిలేది తక్కువ, ఎల్ఈడీ మీద మిగిలేది ఎక్కువ. దూరం ఇంకా చాలదనుకుంటే, చట్టం ఒప్పుకునే అదనపు లైట్లను హైబీమ్ తీగకే కలిపించండి. డిప్ కొట్టగానే అవీ ఆరిపోవాలి. బావ వాటికి వేరే స్విచ్ పెట్టించాడు, ఆ స్విచ్ ఎక్కడుందో ఇప్పుడు మరిచిపోయాడు.

ఇవన్నీ చేసినా గురి తప్పితే దండగే. చదునైన నేల మీద, గోడకు 5 మీటర్ల దూరంలో బండి నిలపాలి. హెడ్‌లైటు నడిమి ఎత్తు ఎంతో కొలిచి గోడ మీద గీత గీయాలి. లోబీమ్ పై అంచు ఆ గీతకు 5 సెంటీమీటర్లు కింద ఉండాలి, అంటే నూటికొకటి వాలు. స్క్రూ తిప్పితే దిగుతుంది. ఖర్చు సున్నా. గోడ దొరుకుతుంది గానీ, భోపాల్‌పట్నంలో 5 మీటర్ల చదును నేల వెతకడం కొంచెం కష్టం.

ఆ గురి కూడా బండి ఖాళీగా ఉన్నంతసేపే. రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతరకు ఇటు బస్తర్ నుంచీ, అటు గడ్చిరోలి నుంచీ జీపులు, వ్యాన్లు రాత్రంతా మేడారం పోతూనే ఉంటాయి. వెనక సీట్లో పదిమంది, వాళ్ల వెనక నిలువెత్తు బంగారం, అంటే మనిషి బరువంత బెల్లం. వెనక కుంగిన బండి ముందు ముక్కెత్తుతుంది, లోబీమ్ కాస్తా హైబీమ్ అవుతుంది. నిజంగా తల్లులకు దండం పెట్టేది ముందు ఆ హెడ్‌లైట్లే, ఆకాశంలోకి చూసి. అందుకే చాలా కొత్త బండ్లలో డాష్‌బోర్డు మీద చిన్న చక్రమొకటి పెట్టారు. సున్నా, ఒకటి, రెండు, మూడు అని అంకెలుంటాయి. బరువు పెరిగేకొద్దీ అంకె పెంచాలి, లైటు కిందికి దిగుతుంది. కొన్నప్పటి నుంచి అది సున్నా మీదే ఉన్న బండ్లు ఎన్నో. అయ్యా, వచ్చే జాతరకు బెల్లం ఎక్కించిన తర్వాత, కొబ్బరికాయ కొట్టడానికి ముందు, దయచేసి ఆ చక్రాన్ని రెండుకు తిప్పండి.