బోర్డు ఆరోగ్యం బాగానే ఉంది

గుండెలో రెండు చోట్ల అడ్డంకి ఉందని తేలాక మా బాబాయిని తీసుకుని జిల్లా కేంద్రంలో ఓ నెట్‌వర్క్ ఆసుపత్రికి వెళ్లాను. గేటు దగ్గర మొదట ఎదురైనవాడు డాక్టరు కాదు, పెయింటరు. నిచ్చెన గోడకు ఆనించి, దాని నీడలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఆరోగ్యశ్రీ పథకం బోర్డు రాసింది తనేనట. పేరు మారినప్పుడల్లా కబురు తనకే వస్తుందట. 2007లో రాజీవ్ పేరు, 2014లో రాష్ట్రం విడిపోయాక ఎన్టీఆర్ పేరు, 2019 తర్వాత వైఎస్సార్ పేరు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరు. రేకు మాత్రం అదే.

“గోటితో గీకి చూడండి సార్, నాలుగు ప్రభుత్వాలు రాలతాయి” అన్నాడు.

“మరి ఇవాళ ఏం రాస్తున్నావయ్యా?”

“రాయడానికి కాదండీ. కిందటేడు రాసినదానికి డబ్బులు అడగడానికొచ్చా. గవర్నమెంటు తమకిస్తే తాము నాకిస్తారంట.”

మా బాబాయి ఈ మాటలేవీ పట్టించుకోలేదు. జేబు మీద చెయ్యేసి, కార్డు తడుముకుంటూ, “ఒరే, నా దగ్గర పాతిక లక్షలున్నాయిరా, నువ్వు కంగారు పడకు” అన్నాడు. అరవై ఎనిమిదేళ్ల జీవితంలో ఆయన పాతిక లక్షలున్నాయని అనగలిగింది ఇదే మొదటిసారి. పథకం పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షలకు పెంచిన నాటి నుంచి ఆయన నడకే మారింది. కార్డు మీద ఒక పేరు, బోర్డు మీద ఇంకో పేరు ఉన్నా ఆయనకు ఇబ్బంది లేదు. రోగికి పేరుతో పనేముంది, స్టెంటుతో పని గానీ.

లోపల కౌంటర్లో అమ్మాయి కార్డు చూసి, మమ్మల్ని చూసి, గోడకు వేలాడుతున్న అట్టను చూపించింది. ‘నెట్‌వర్క్ సేవలు తాత్కాలికంగా నిలిపివేయడమైనది.’ అట్టకు లామినేషన్ చేయించారు. పైన రెండు చిల్లులు, మేకుకు తగిలించుకోవడానికి దారం. తాత్కాలికానికి అంత పకడ్బందీ ఏర్పాటు నేనెక్కడా చూడలేదు.

ఇది 2025 అక్టోబరు మాట. అంతకు నెల ముందే, సెప్టెంబరులో, ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ‘యూనివర్సల్ హెల్త్ పాలసీ’కి ఆమోదం తెలిపింది. ఏటా కుటుంబానికి రెండున్నర లక్షల దాకా వైద్యం బీమా కంపెనీ చూసుకుంటుంది. ఆపైన 25 లక్షల దాకా పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు చూసుకుంటుంది. 3,257 రకాల చికిత్సలు. ఆపరేషనుకు అనుమతి ఆరు గంటల్లో. చదువుతుంటేనే సగం రోగం తగ్గుతుంది. మిగతా సగం తగ్గే లోపే, అక్టోబరు 10న, ఆసుపత్రులు తలుపులు వేశాయి. తమకు రావలసింది సుమారు 2,700 కోట్లని వాటి సంఘం లెక్క చెప్పింది.

ఇంతకీ ఈ సంస్కరణ పనిచేస్తున్నట్టా, లేనట్టా? ఆసుపత్రి ఆవరణలో వేపచెట్టు కింద సిమెంటు బల్ల మీద ఈ విషయమే తేలుస్తున్నారు. బాబాయిని పక్కన కూర్చోబెట్టి నేనూ చేరాను.

“పనిచేస్తోంది. అనుమతి ఆరు గంటల్లోనట. మా రోజుల్లో ఆదాయ ధ్రువపత్రానికే ఆరు వారాలు పట్టేది” అన్నారు రిటైరైన తహసీల్దారు గారు. ఆ ఆరు వారాలూ ఎవరి బల్ల మీద పట్టేవో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

“అనుమతి ఆరు గంటల్లో వస్తుందండీ. డబ్బు ఏ నెలలో వస్తుందో చెప్పండి. ఆసుపత్రి నాకు ఏడాది నుంచి బాకీ. నేను హోల్‌సేల్ వాడికి బాకీ” అన్నాడు మందుల షాపాయన.

బీమా ఏజెంటు గొంతు సవరించుకున్నాడు. “అందుకే కదండీ బీమా తెస్తున్నది. ట్రస్టుకి గుండె ఉంటుంది, డబ్బుండదు. కంపెనీకి డబ్బుంటుంది...” అని ఆగి, మా బాబాయి వైపు చూసి, “తమరిది గుండె కేసా?” అన్నాడు.

అసలు విచిత్రం ఏమిటంటే, 2007లో ఆరోగ్యశ్రీ మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైనప్పుడు అదీ బీమా కంపెనీ చేతుల మీదుగానే మొదలైంది. కంపెనీకి ప్రీమియం కట్టే బదులు ఆ డబ్బుతో మనమే వైద్యం చేయించొచ్చు కదా అని క్రమంగా ట్రస్టు చేతికి మార్చారు. అదీ సంస్కరణే. పద్దెనిమిదేళ్లకు మళ్లీ కంపెనీ దగ్గరికి. ఇదీ సంస్కరణే. గానుగెద్దు ఎంత దూరం నడిచిందని అడిగితే చాలానే నడిచిందని చెప్పాలి మరి.

పైగా కంపెనీనీ ట్రస్టునూ కలిపిన ఈ ఏర్పాటును ‘హైబ్రిడ్’ అంటున్నారు. మాది మిరప పండే నేల, మాకు హైబ్రిడ్ సంగతి బాగా తెలుసు. విత్తనం మొలవకపోతే కంపెనీ నీ నేలది తప్పంటుంది, డీలరు నీటిది తప్పంటాడు. రేపు రెండున్నర లక్షల గట్టు మీద పడ్డ రోగిని ఇది మా చేను కాదంటే మా చేను కాదని ఇద్దరూ అనరన్న హామీ ఎక్కడుందో నాకు కనిపించలేదు. ఆసుపత్రికి సమయానికి ఇవ్వలేని ఖజానా కంపెనీకి మాత్రం సమయానికి ప్రీమియం ఎలా కడుతుందో అంతకన్నా అర్థం కాలేదు. ఆసుపత్రయితే అట్ట తగిలిస్తుంది. కంపెనీకి మేకు కూడా అక్కర్లేదు.

ఇంతా అని పథకం దండగంటే మాత్రం కళ్లు పోతాయి. గుండెలో రంధ్రంతో పుట్టిన బిడ్డను ఎత్తుకుని ముఖ్యమంత్రి సహాయనిధి కోసం అర్జీ పట్టుకు తిరిగిన తల్లులు మా వీధిలోనే ఉండేవారు. ఎకరం అమ్మితే గానీ ఆపరేషను లేదు. అమ్మాక కూడా మనిషి మిగిలేవాడని నమ్మకం లేదు. ఆ అర్జీలను హక్కుగా మార్చింది ఈ పథకమే. వేపచెట్టు కింద కూర్చున్న మా నలుగురిలో ముగ్గురి ఇళ్లలో దీనివల్ల బతికినవాళ్లున్నారు. నాలుగోవాడు బీమా ఏజెంటు.

పక్క రాష్ట్రం నయమేమోనని ఆరా తీశాను. తెలంగాణలో 2023 డిసెంబరు 9న పరిమితిని పది లక్షలు చేశారు. అక్కడా 2025లో ఆసుపత్రులు బకాయిల కోసం సేవలు ఆపాయి. నీళ్లు పంచుకున్నాం, ఉద్యోగులను పంచుకున్నాం, బకాయిల విషయంలో మాత్రం రాష్ట్రం ఇంకా విడిపోలేదు.

ఢిల్లీ లెక్కలు మరీ ముచ్చట. కేంద్రం నడిపే ఆయుష్మాన్ భారత్ పథకం మీద కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం దాదాపు ఏడున్నర లక్షల మంది లబ్ధిదారులకు ఒకటే ఫోన్ నంబరు. పది తొమ్మిదులు. చనిపోయినట్టు ముందే నమోదైన 3,446 మంది రోగులకు ఆ తర్వాత కూడా చికిత్స చేసినట్టు చూపి డబ్బులు తీసుకున్నారు. బతికున్న మా బాబాయికి అట్ట చూపించారు. నిబంధనల్లో ఎక్కడో చిన్న మెలిక ఉండాలి.

బాబాయికి చివరికి స్టెంట్లు వేయించాం, పిన్ని గాజులు తాకట్టు పెట్టి. పాతిక లక్షల ఆసామి డిశ్చార్జి రోజున ఆటోలో మాట్లాడలేదు. ఇల్లు దగ్గర పడ్డాక మాత్రం, “కార్డు జాగ్రత్తగా దాచరా, పనికొస్తుంది” అన్నాడు.

నాకు తోచిన సంస్కరణ ఒకటుంది, ఖర్చు తక్కువ. ప్రతి ఆసుపత్రి గేటు మీదా నాయకుల బొమ్మల కింద రెండు తేదీలు రాయించండి. ఆఖరి బిల్లు పంపిన తేదీ, దాని డబ్బు చేతికొచ్చిన తేదీ. ఇది పెయింటరుతో చెబితే సంబరపడ్డాడు. మొదటి తేదీ ఇప్పుడే రాసేస్తానన్నాడు. రెండోదానికి చోటు వదలమన్నాను.

పాఠకులకు మనవి: ఇది మీ చేతికి అందే లోపు పథకం పేరు మళ్లీ మారి ఉంటే, ఆ ఒక్కచోట దిద్దుకుని చదువుకోగలరు. మిగతాదేమీ మార్చక్కర్లేదు.