పేలని గుండ్ల హవల్దారు

పాదయాత్ర చేసే నాయకులకి ఇచ్ఛాపురం ఆఖరి మజిలీ. 2003లో వై.ఎస్., 2019లో ఆయన కొడుకు ఇక్కడికే వచ్చి ఆగారు. పాత ఇనుముకి మాత్రం ఆఖరి మజిలీ మా హవల్దారు గారి వసారా.

విమానాల్ని కొట్టే ఫిరంగుల దగ్గర నౌకరీ చేసి పింఛను మీద దిగిన మనిషి. అలాంటివాళ్ళు మామూలుగా జీడితోట చూసుకుంటారు, లేదంటే పంచాయతీ ఎన్నికల్లో వేలు పెడతారు. ఈయన ప్రూఫు గుండ్లు, అంటే ఫిరంగుల్ని పరీక్షించే గుండ్లు, పోగేస్తాడు.

ఇంటికెళ్తే ముందు గుండు, తరవాతే మంచినీళ్ళు. “పేలుద్దా?” అని నోరు జారామా, అయిపోయామే. “పేలితే దాని గొప్పేటి బాబూ!” అని అందుకుంటాడు. కొత్త గొట్టం, కొత్త మందు సరిగ్గా ఉన్నాయో లేదో తేలాలంటే గుండుకి బరువుండాలి గానీ పేలుడు అక్కర్లేదట. అందుకే అసలు గుండంత తూగే ఉత్త ఉక్కుదిమ్మనో, పేలని సరుకు కూరిన డొల్లనో వదుల్తారు. బోఫోర్స్ 40 మిల్లీమీటర్లదైతే కిలోకి కాస్త తక్కువ. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిషువాళ్ళు వాడిన 3.7 అంగుళాలదైతే 28 పౌన్లు. ఈ రెండోదాన్ని వచ్చినవాడి ఒళ్ళో పెట్టి మరీ చెప్తాడు, లేచిపోకుండా.

బాలాసోరు దగ్గర చాందీపూర్‌లో 1895 నుంచీ ఈ పరీక్షలే పని. అక్కడ ఆటుకి సముద్రం ఐదు కిలోమీటర్ల దాకా వెనక్కి పోతుంది, వదిలిన గుండ్లని ఇసకలోంచి ఏరుకొచ్చి చూసుకోవచ్చు. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం తిరుపతి వెళ్ళొచ్చినవాడి మొహంలా వెలుగుతుంది.

పాత సామాన్ల కొట్టుకి చిరిగిన బనీనుతో వెళ్తాడు, అక్కర లేనట్టు నటించడానికి. కొట్టువాడికి తెలీదా? ఇదివరకు కిలో లెక్కన ఇచ్చేవాడు, ఇప్పుడు ముక్క లెక్కన చెప్తున్నాడు. బేరం కుదిరాక గుండుని అరుగు మీద పడుకోబెట్టి, ముందు ముక్కు చూస్తాడు: ఫ్యూజు చోట బిరడా ఉందా, లేక మొద్దుగా ఉందా అని. తరవాత నడుం కింది రాగి పట్టీ. దాని మీద ఏటవాలు గాట్లుంటే ఫిరంగిలోంచి వదిలిన గుండు, నున్నగా ఉంటే ఇంకా గొట్టం మొహం చూడనిది. ఆఖర్న ఒంటికి సుద్దపొడి రాసి గుడ్డతో తుడిస్తే గుద్దిన అంకెలు తెల్లగా తేలతాయి: ఏ సంవత్సరం, ఏ లాటు.

ఒక దీపావళికి వాళ్ళావిడ ఆ రాగి పట్టీని చింతపండేసి తళతళలాడేలా తోమేసింది. “బిందెలన్నీ తోమినాను, దీన్నొక్కదాన్నీ ఒగ్గేస్తానేటి?” అంది పాపం. “అది మడ్డి కాదే, వయసు!” అని ఆయన ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

చిత్రమేమిటంటే, ఇంత పిచ్చి ఉన్నా అబద్ధం ఆడడు. పక్కింటాయన ఓ గుండు తెచ్చి, జపానోడు మా తాతల తోటలో పడేసింది అన్నాడు. “జపానోడు 1942 ఏప్రిల్ 6న బాంబులేసింది విశాఖలోనూ కాకినాడలోనూ. అందులో పేలనిదొకటి విశాఖ మ్యూజియంలో ఉంది, వెళ్ళి చూసుకో. బాంబు పైనుంచి కిందకొస్తాది, ఇది కిందనుంచి పైకెళ్ళేది!” ఆ ఇంటితో ఆర్నెల్లు మాటల్లేవు.

ఇంతటి శూరుడూ డొంకూరు ఒడ్డున వలకి ఏదో ఇనుము తగిలిందంటే మాత్రం గుమ్మం దాటడు. బరంపురం అవతల గోపాల్‌పూర్‌లో శత్రు విమానాల్ని ఎదుర్కొనే సైనికులకి శిక్షణ, సముద్రం మీదికి కాల్పులు. వలకి తగిలింది ఆ గుండే అయ్యుండొచ్చు. తుప్పు పట్టి రంగు పోయాక ఏది ఉత్త దిమ్మో, ఏది నిండు గుండో ఆయనే చెప్పలేనంటాడు. ముందు పోలీసులకి ఫోను, తరవాతే చొక్కా. ఆ ఒక్క బుద్ధికి ఆయన ఉపన్యాసాలన్నీ భరించొచ్చు.

మీకూ ఇసకలోనో వలలోనో అలాంటిది కనబడితే తాకకండి, కడగకండి, సెల్ఫీ తీసుకోకండి. దూరంగా జరిగి 112కి ఫోను చెయ్యండి.